సెట్ మార్చకు తమ్మీ, ముందు సోఫా జరుపు

ప్రశ్న: అన్నా, మాది కాజీపేట. పోయినేడు మేడ మీద ఒక గది వేసుకున్నం. 12 అడుగులకు 12 అడుగులు, స్లాబు ఎత్తు 10. కింద విట్రిఫైడ్ టైల్స్, గోడలకు లప్పం పెట్టి పెయింట్, ఒక పక్క మొత్తం స్లైడింగ్ అద్దాల కిటికీ. దసరాకు 5.1 సెట్ (ఐదు స్పీకర్లు, బాస్ అనే లావు సౌండుకు ఒక సబ్‌వూఫర్) తీసుకున్న. షాపులో విన్నప్పుడు అదిరిపోయింది. ఇంట్ల మాత్రం మాటలు అర్థమైతలేవు, వాల్యూం పెంచితే ఫైట్లప్పుడు చెవులు పగులుతున్నయ్. సోఫాల కూసుంటే బాస్ ఒకటే మోత, లేచి గది నడుమకు వస్తే అసలుకే లేదు. కింద అమ్మేమో గ్లాసులు గలగలమంటున్నయని లొల్లి. ఇవి చాలవన్నట్టు సన్నగా గుయ్‌మని ఒక సౌండు. రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) మార్చి పెద్ద సబ్‌వూఫర్ తీసుకొమ్మని ఒకాయన అంటుండు, గోడలకు ఫోమ్ ప్యానెళ్లు కొట్టడానికి ఇంకొకాయన నలభై ఐదు వేలు అడిగిండు, దోస్తేమో గుడ్ల అట్టలు అంటిస్తే చాలంటుండు. ఏం చెయ్యాలె?

సమాధానం:

తమ్మీ, నీ సెట్‌కు ఏ రోగమూ లేదు. షాపులో అదిరిపోయింది అని నువ్వే రాశావు, జవాబు అక్కడే ఉంది. షాపులో కింద కార్పెట్, చుట్టూ అట్టపెట్టెల గుట్టలు, నీలాంటి వాళ్లు నలుగురైదుగురు నిలబడి ఉంటారు. నీ ఇంట్లోనేమో కింద టైల్స్, పైన స్లాబు, మూడు దిక్కుల నున్నటి గోడలు, నాలుగో దిక్కున అద్దం. కొత్తగా కట్టిన సంపులోకి దిగి మాట్లాడితే ఎట్లా ఉంటుందో తెలుసు కదా, నువ్వు ఆ సంపులో సినిమా చూస్తున్నావు. అందుకే ఎవరు చెప్పినా ఇప్పుడే కొత్తది ఏదీ కొనకు. రూపాయి ఖర్చు లేని పనులు ముందు చేద్దాం, ఆ తర్వాత దరీలు నేసే కొత్తవాడకు, కార్పెంటర్ దగ్గరికి పోదాం, సెట్ల షాపుకు మళ్లీ పోవాల్సిన అవసరమే రాకపోవచ్చు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేనూ ఇదే దెబ్బ తిన్నవాణ్ని. మాది పాత పెంకుటిల్లు, మట్టిగోడలు, దూలాలు, అటక మీద బొంతలు, మూలకు ధాన్యం బస్తాలు. అందులో ఒక టేప్‌రికార్డరు, చెక్కపెట్టెలు చేయించి బిగించిన రెండు స్పీకర్లు ఉండేవి. పాట వింటుంటే పాడేవాళ్లు ఎదురుగా కూర్చున్నట్టే ఉండేది. తర్వాత స్లాబు ఇల్లు కట్టుకుని అవే స్పీకర్లు, అదే టేప్ పెడితే రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు వినిపించింది. ఇల్లు మారేటప్పుడు నడుమ సర్వీసుకు ఇచ్చాను కాబట్టి ఆ రిపేరు చేసినాయనే ఏదో మార్చేశాడని దుకాణం మీదికి పోయి పెద్ద గొడవ పెట్టుకున్నా. పాపం ఆయన ఏమీ చేయలేదు. మారింది ఇల్లు. అది అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది, ఆయన ముఖం చూడటానికి ఇంకో రెండేళ్లు.

ఇక నీ బాస్ సంగతి. గది చతురస్రంగా ఉంది చూడు, అసలు తిరకాసు అదే. ధ్వని సెకనుకు సుమారు 1,130 అడుగులు పోతుంది. 12 అడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య ఒక తరంగం పోయి వచ్చి సరిగ్గా తన మీద తనే పడాలంటే దాని పొడుగు 24 అడుగులు ఉండాలి, అంటే 47 హెర్ట్జ్, సెకనుకు 47 ఊపులు. సినిమాల్లో బాంబులు, పాటల్లో కిక్ డ్రమ్ము, బాస్ గిటారు అన్నీ ఆ చుట్టుపక్కలే తిరుగుతుంటాయి. ఆ ఒక్క స్వరం నీ గదిలో ఊయల ఊగినట్టు ఆగకుండా ఊగుతుంది. గోడల దగ్గర దాని జోరు ఎక్కువ, సరిగ్గా నడుమ సున్నా. గది పొడుగు వేరు, వెడల్పు వేరు అయితే ఆ భారం రెండు వేర్వేరు స్వరాల మీద పడేది, నీకు రెండూ 12 కాబట్టి రెండూ ఒకే స్వరం మీద ఎక్కి కూర్చున్నాయి. నువ్వు సోఫాను వెనక గోడకు ఆనించి ఉంటావు, అందరం అట్లాగే వేస్తాం, గది నడుమ సోఫా వేస్తే నడవడానికి జాగా ఏదీ అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. కానీ గోడకు ఆనించి కూర్చోవడం అంటే మోత ఎక్కువగా ఉన్నచోట తల పెట్టడమే. నడుమకు వస్తే బాస్ మాయం అయిందన్నావు కదా, నీకు తెలియకుండానే పరీక్ష చేసేశావు.

కాబట్టి ఈ రాత్రే సోఫాను ముందుకు జరుపు. లెక్క ప్రకారం వెనక గోడ నుంచి తలకు గది పొడుగులో 38 శాతం దూరం మంచిదంటారు, నీ గదికి అది నాలుగున్నర అడుగులు. అంత కుదరదు, నాకు తెలుసు. రెండున్నర, మూడు అడుగులు జరిపినా తేడా అప్పటికప్పుడే తెలుస్తుంది. వెనక మిగిలిన జాగాలో బట్టలు ఆరేసే స్టాండు పెట్టుకుంటానంటే పెట్టుకోమను, బట్టలు కూడా ధ్వనిని పీల్చేవే.

తర్వాత సబ్‌వూఫర్. దాన్ని మూలకు పెట్టి ఉంటావు, ఎందుకంటే మూలకే ఇముడుతుంది. మూలన పెడితే గదిలోని అన్ని మోతలూ ఒకేసారి లేస్తాయి. దానికి సరైన చోటు వెతకడానికి ఒక పాత పద్ధతి ఉంది, చూసేవాళ్లకు నవ్వొస్తుంది గానీ దాన్ని మించింది నాకింతవరకు దొరకలేదు. సబ్‌ను ఎత్తి సోఫాలో నువ్వు కూర్చునే చోట పెట్టు. బాస్ గిటారు మెట్లెక్కి దిగినట్టు నడిచే పాట ఒకటి పెట్టు, ఒక్క కిక్ మాత్రమే కొట్టే పాట వద్దు. ఇప్పుడు నువ్వు మోకాళ్ల మీద, చెవి నేలకు అడుగున్నర ఎత్తులో ఉండేట్టు, గోడ వెంబడి మెల్లగా పాకు. ఒకచోట గుమ్‌మని ఒకే స్వరం మింగేస్తుంది, రెండడుగులు పోతే ఏమీ ఉండదు, ఇంకో చోట ప్రతి స్వరం విడివిడిగా, ఒకే బరువుతో వినిపిస్తుంది. అక్కడ చాక్‌పీసుతో గీత గీయి. సబ్ ఉండాల్సింది అక్కడ. సుబేదారిలో మా దోస్తు ఇంట్లో నేను లుంగీ ఎగ్గట్టి ఇట్లాగే పాకుతుంటే వాళ్లమ్మ గడపలో నిలబడి చాలాసేపు చూసి, "ఏం పోయింది బిడ్డా, ఉంగరమా?" అని తనూ వంగి వెతకడం మొదలుపెట్టింది. చివరికి వాళ్లింట్లో మంచి చోటు దొరికింది టీవీ గోడకు సరిగ్గా నడుమ. నీదీ చదరపు గదే కాబట్టి ముందు అక్కడినుంచే మొదలుపెట్టు, కుడిఎడమ గోడల మధ్య ఊగే ఆ 47 హెర్ట్జ్‌ను నడుమ ఉన్న సబ్ లేపలేదు.

అమ్మ గ్లాసుల సంగతి నిజాయితీగా చెప్తా. సబ్ కింద మందపాటి రబ్బరు మ్యాటు వేస్తే స్లాబుకు నేరుగా తగిలే అదురు కొంత తగ్గుతుంది, అంతే. గాలిలోంచి స్లాబును ఊపే బాస్‌ను ఆపాలంటే ఇంకో స్లాబంత బరువు కావాలి. గోడకు కొట్టే ఏ ప్యానెలూ ధ్వనిని బయటికి పోకుండా ఆపదు, గది లోపల మాత్రమే శుభ్రం చేస్తుంది. ఇది చాలామందికి తెలియక సౌండ్‌ప్రూఫ్ అనుకుని డబ్బులు పోస్తారు. రాత్రి పదింటి తర్వాత సబ్ లెవెల్ ఐదారు డెసిబెల్స్ తగ్గించు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి. అమ్మ పెట్టే పరిమితి దానికంటే తక్కువే ఉంటుందనుకో.

మాటలు వినపడకపోవడానికి నీ దగ్గర కనీసం మూడు కారణాలున్నాయి. ఒకటి, సినిమాలో మాటలు పలికే సెంటర్ స్పీకరు. టీవీ యూనిట్‌లో కింది అరలోకి తోసి ఉంటావు. అర లోపలి చెక్కలు దాని చుట్టూ ఇంకో పెట్టెలా మోగి మాటను ముక్కుతో మాట్లాడినట్టు చేస్తాయి. దాన్ని అర అంచు దాకా బయటికి లాగి, ముందువైపు కింద చిన్న చెక్కముక్క పెట్టి మూతి నీ చెవుల వైపు లేచేట్టు చెయ్యి. రెండు, సెట్టింగులు. టీవీ వెనక ఏఆర్‌సీ అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి తీగతో రిసీవర్‌కు కలిపితే, టీవీ ఆడియో సెట్టింగుల్లో పీసీఎం అని ఉందేమో చూడు, చాలా టీవీల్లో అట్లా ఉంటే 5.1 కాస్తా రెండు ఛానెళ్లుగా కుదించుకుపోయి సెంటర్‌కు రావాల్సిన మాట నేరుగా రాదు. దాన్ని బిట్‌స్ట్రీమ్‌కు మార్చు. రిసీవర్లో స్పీకర్లన్నీ స్మాల్ అని పెట్టి క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టు. అంటే 80 కింది బరువంతా సబ్‌కు పోతుంది, చిన్న స్పీకర్లు మాటల మీద ధ్యాస పెడతాయి. చిన్న స్పీకర్లు మరీ గుప్పెడంత ఉంటే 100, 120కి పెంచు. సెంటర్‌కు రెండు మూడు డెసిబెల్స్ ఎక్కువివ్వు. డైనమిక్ రేంజ్ అనో నైట్ మోడ్ అనో ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేస్తే గుసగుసలు పైకి, ఫైట్లు కిందికి వస్తాయి. ఆడియో పిచ్చోళ్లు దాన్ని తప్పంటారు, కింద పడుకున్న మనిషి ఉన్న ఇంట్లో అది తప్పేమీ కాదు.

మూడో కారణం చాలామంది నమ్మరు: ఫ్యాను, కూలరు. మే నెలలో మన దగ్గర ఐదు మీద ఫ్యాను, పక్కన కూలరు పెట్టుకుని, ఆ హోరు మీదనుంచి మాట వినాలని వాల్యూం పెంచుతాం, ఫైటు రాగానే చెవులు మూసుకుంటాం. కూలరును కిటికీ బయటికి తోసి, ఫ్యాను కప్పు కొట్టుకుంటుంటే బిగించి చూడు, వాల్యూం రెండు మెట్లు దానంతటదే దిగుతుంది. కాజీపేటలో రైళ్ల మోతను మాత్రం నేనేం చెయ్యలేను.

తీగల దగ్గర ఒక్క తప్పు మాత్రం వెతుకు. ఒక స్పీకరుకు ఎర్రది నల్లది తారుమారైతే రెండు స్పీకర్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, బాస్ పల్చబడుతుంది, పాట గది నిండా చెల్లాచెదురై ఎక్కడా నిలవదు. రిసీవర్ ఆఫ్ చేసి, స్పీకరు తీగలు దానినుంచి ఊడదీసి, ఒక మామూలు పెన్సిల్ సెల్ తీసుకో. సెల్ బొడిపెను ఎర్ర తీగకు, అడుగును నల్ల తీగకు అలా తాకించి తీసెయ్యి. టప్‌మని చిన్న చప్పుడుతో వూఫర్ పొర ముందుకు రావాలి. అన్నీ ముందుకు వచ్చి ఒకటి వెనక్కి పోతే దొంగ దొరికినట్టే. ఇక ఖరీదైన తీగలంటావా, మన ఎలక్ట్రీషియన్లు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నీ గదికి నిండుగా సరిపోతుంది, అంతకంటే ఎక్కువ పెట్టమన్నవాడికి దండం పెట్టి వచ్చెయ్.

ఇవన్నీ చేశాక, అంతకుముందు కాదు, రిసీవర్‌తో వచ్చిన చిన్న మైకు పెట్టి కాలిబ్రేషన్ చెయ్యి, అంటే స్పీకర్ల దూరం, జోరు రిసీవరే కొలిచి సరిచేసుకుంటుంది. మైకును సోఫా వీపు మీద ఆనించకు, స్టాండు మీద చెవి ఎత్తులో పెట్టు, ఫ్యాను ఆపు, పిల్లల్ని కిందికి పంపు. అయిపోయాక చూస్తే సబ్ ఎనిమిది అడుగుల్లో ఉంటే పద్నాలుగు అని చూపించవచ్చు. కంగారు పడి దిద్దకు. సబ్ లోపలి సర్క్యూట్‌లో పట్టే ఆలస్యాన్ని కూడా అది దూరం కింద లెక్కేస్తుంది.

ఇప్పుడు గది. అందరూ నిద్రపోకముందే గది నడుమ నిలబడి బతుకమ్మకు కొట్టినట్టు ఒక్క చప్పట కొట్టు. చప్పట తెగిన తర్వాత టర్ర్‌ర్ అని జిప్పు లాగినట్టు తోక వస్తుంది. ఎదురెదురు బోసి గోడలు ఆ చప్పటను బంతిలా ఆడుకుంటున్నాయన్నమాట. నటుడు పలికే ప్రతి అక్షరానికీ ఆ తోక అంటుకుని తర్వాతి అక్షరం మీద పడుతోంది, అందుకే వాల్యూం పెంచినకొద్దీ తోక కూడా పెరుగుతుంది తప్ప మాట విడిపోదు.

ఈ తోకను మొదట లెక్కగట్టింది వాలెస్ సబైన్ అనే హార్వర్డ్ మాస్టారు. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాలులో ఒక్క మాట అంటే అయిదున్నర సెకన్లు మోగుతుండేది, పాఠం చెప్పలేక చస్తుంటే దీని సంగతి చూడమని ఆయనకు అప్పగించారు. ఆయన రాత్రిళ్లు పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల దిండ్లు మోయించుకొచ్చి, ఆ హాల్లో కొన్ని కొన్నిగా పరుస్తూ, ఆర్గాన్ గొట్టం ఊదుతూ, స్టాప్‌వాచ్ పట్టుకుని ఎన్ని దిండ్లకు మోత ఎంత తగ్గిందో రాసుకునేవాడు. పొద్దున మళ్లీ ఎక్కడివి అక్కడ. ఆయన తేల్చిన సూత్రాన్ని నీ గదికి వేస్తే ఒక ముచ్చటైన సంగతి తేలుతుంది. ఏ సామానూ లేకుండా నీ గది దాదాపు రెండు సెకన్లు మోగుతుంది. సినిమాకు అర సెకను, అంతకంటే కొంచెం తక్కువ ఉంటే బాగుంటుంది. పదడుగుల స్లాబు ఉన్న గదిలో అర సెకను రావాలంటే ధ్వనిని పూర్తిగా మింగేసే వస్తువు దాదాపు ఆ గది నేలంత వైశాల్యం కావాలి. నీకు 140 చదరపు అడుగుల పైచిలుకు. గుడ్డ సోఫా, దాని మీద మనుషులు, పరదాలు, పరుపులు అన్నీ అందులో జమ అవుతాయి. రెక్సిన్ సోఫాకు మాత్రం అంత లెక్క లేదు.

కొనే మొదటి వస్తువు కొత్తవాడ దరీ, అంటే నేల మీద పరిచే నేత జంపఖానా. మన వరంగల్ దరీలకు 2018లో జీఐ గుర్తింపు (ఇది ఈ ఊరి సరుకే అనే ముద్ర) కూడా వచ్చింది, నీకు ఇంటికి అంత దగ్గర్లో నేస్తుంటే ఎక్కడిదో ప్లాస్టిక్ కార్పెట్ తెప్పించుకోవడం ఎందుకు. టీవీకీ సోఫాకూ మధ్య నేల కప్పేంత పెద్దది తీసుకో. అయితే ఒక్క దరీ పల్చగా ఉంటుంది, పై స్వరాల చురుకునే తప్ప కిందివాటిని తాకదు. దాని కింద పాత బొంత ఒకటి పరువు, పని రెట్టింపవుతుంది. అద్దాల కిటికీకి మందపాటి పరదా, కిటికీ వెడల్పుకు రెండింతలు బట్ట, మడతలు మడతలుగా వేలాడేట్టు, అద్దానికి నాలుగంగుళాలు ఎడంగా రాడ్డు. బిగించి లాగిన పరదా అలంకారానికే.

గుడ్ల అట్టలు అంటించకు. అవి పైపై స్వరాలను కొంచెం చెదరగొడతాయి, నిప్పు తగిలితే గది మొత్తం అంటుకుంటుంది, నడుమన బొద్దింకలు కాపురం పెడతాయి. థర్మాకోల్ అయితే అది కూడా చెయ్యదు, దాని గుల్లలు మూసుకుపోయి ఉంటాయి కాబట్టి గాలి లోపలికి దూరదు. నలభై ఐదు వేల ఫోమ్ విషయం: అంగుళం మందం ఫోమ్ గది నిండా కొడితే పై స్వరాలన్నీ చచ్చి, నీ అసలు రోగం 47 హెర్ట్జ్ అట్లాగే మోగుతుంది. ఒక తరంగాన్ని గట్టిగా పీల్చాలంటే దాని పొడుగులో నాలుగోవంతు మందం కావాలి, 24 అడుగుల్లో నాలుగోవంతంటే ఆరడుగులు. సగం గది పోతుంది. అందుకే బాస్‌ను సోఫా, సబ్ జరపడంతో, కాలిబ్రేషన్‌తో దారికి తెచ్చుకోవాలి, ప్యానెళ్లను మాటల కోసం వాడుకోవాలి.

ఆ ప్యానెళ్లు నువ్వే చేయించుకో. నాలుగడుగులకు రెండడుగుల చెక్క చట్రాలు ఆరు, లోపల రాక్‌వూల్ అనే రాతిపీచు పలక, ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రతది, రెండంగుళాలది, ముందు బట్ట. పత్తి పండే జిల్లాలో ఉండి దూది నింపుకోవచ్చు కదా అంటావు, నేనూ నింపి చూశాను. నెల బాగుంటుంది, తర్వాత దూదంతా కిందికి దిగి పైన ఖాళీ సంచి మిగులుతుంది, పైగా నిప్పు భయం. రాక్‌వూల్ అంటుకోదు. బట్ట ఏదైనా సరే, నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి. పలుచటి చేనేత నూలు బట్ట బ్రహ్మాండంగా పని చేస్తుంది. ఎక్కడ పెట్టాలో తెలియాలంటే సోఫాలో కూర్చుని, తమ్ముణ్నో చెల్లెనో పక్క గోడ వెంట చిన్న అద్దం జరపమను. అద్దంలో ముందు స్పీకరు నీకు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఒకటి. కిటికీ వైపు ఆ చోటికి పరదా వస్తుంది. మిగిలినవాటిలో మూడు సోఫా వెనక గోడకు, ఉంటే ఒకటి స్లాబుకు. గోడకు అతికించకుండా రెండంగుళాలు ఎడం వదిలితే అదే ప్యానెలు ఇంకొంచెం కింది స్వరాల దాకా పట్టుకుంటుంది. అన్నీ ఒకేసారి కొట్టెయ్యకు, రెండు కొట్టి మళ్లీ చప్పట కొట్టి చూడు.

గుయ్‌మనే సౌండు మిగిలింది. సెట్‌టాప్ బాక్సు వెనక కేబుల్ తీగను మెల్లగా ఊడదియ్యి. సౌండు ఆగిపోతే ఆ తీగ వెంటే అది వస్తోంది, నడుమ గాల్వానిక్ ఐసొలేటర్ అనే చిన్న ముక్క తగిలిస్తే పోతుంది. ఆగకపోతే టీవీ, రిసీవర్, సబ్ మూడింటి ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తెచ్చి చూడు. ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే వస్తే అది ఇన్వర్టర్ గొడవ, సెట్‌ది కాదు. ఎవరైనా ప్లగ్గులో లావు పిన్ను (ఎర్తు) తీసెయ్యి అంటే మాత్రం వినకు. మోత పోవచ్చు, కానీ ఎప్పుడో ఒకరోజు ఆ రిసీవర్ రేకు ముట్టుకున్న మనిషికి కరెంటు కొడుతుంది.

రాక్‌వూల్ కోసే రోజు నిండు చేతుల చొక్కా, చేతికి తొడుగులు, మూతికి గుడ్డ. మేడ మీద బయట కోసుకో, గదిలో వద్దు. నేను బనీను మీద కోశాను, రెండు రోజులు గోక్కున్నాను.